గోదాలో వీధినాటకం

ఈ నెల కుస్తీ గురించి రాస్తానంటే మన సంపాదకవర్గం వారు నవ్వారు. "డాక్టరుగారూ, చక్కెర జబ్బు గురించో, రక్తపుపోటు గురించో రాస్తారనుకున్నాం" అన్నారు. అవి వచ్చే నెల రాస్తాను, అవి ఎక్కడికీ పోయే జబ్బులు కావు. జపాను వాళ్ళ కుస్తీలో నాకు ఒక మంచి నాటకం కనిపించింది. నాటకమంటే చెవి కోసుకునే మనవాళ్ళకు దాన్ని చెప్పకుండా వుండలేకపోతున్నాను.

కుస్తీ మన పినాంగు వాళ్ళకు కొత్త ముచ్చట కాదు. స్వాటో లేన్ పక్కన ఇవాళ మనం లక్సా తినడానికి వెళ్ళే న్యూ వరల్డ్ పార్కు ఒకప్పుడు వినోదాల పార్కు. సింగపూరు హ్యాపీ వరల్డు, గ్రేట్ వరల్డు కూడా అలాంటివే. బంగ్సవాను నాటకాలు, నాట్యాలు, బాక్సింగు, కుస్తీ - మలయా అంతటా ఇలాంటి పార్కుల్లోనే నడిచేవి. దారాసింగు పంజాబు నుంచి 1940ల చివర సింగపూరు వచ్చి, మొదట డ్రమ్ములు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. పహిల్వానుగా పేరు తెచ్చుకున్నది ఈ గడ్డమీదే. తర్లోక్ సింగును ఓడించి మలయా ఛాంపియన్ అయింది కౌలాలంపూరులో. ఆయనకు ఎదురుగా నిలబడ్డ కొండ పేరు కింగ్ కాంగ్. అసలు పేరు ఎమిలె చాయా, హంగేరీ వాడు, సుమారు 400 పౌన్ల మనిషి. ఇప్పటికీ మన పెద్దవాళ్ళ దగ్గర దారాసింగు పేరెత్తితే వాళ్ళు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుంటారు.

మన తెలుగువాళ్ళకైతే అంతకుముందే కోడి రామ్మూర్తి నాయుడుగారు వున్నారు. వీరఘట్టం ఆయన స్వస్థలం. ఇక్కడి తోటలకు వచ్చిన మన పాతకాపులు ఎందరో ఆ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల వాళ్ళే కాబట్టి ఆ పేరు వాళ్ళ వెంట ఓడెక్కి వచ్చే వుంటుంది. ఇనుప గొలుసు తెంచడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రదర్శనలు. గొలుసు తెగుతుందని చూసేవాళ్ళకు ముందే తెలుసు. అయినా గుడారం నిండేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మన కింగ్ కాంగ్ 1955 నవంబరులో టోక్యో వెళ్ళాడు. ఆసియా ఛాంపియన్ ఎవరో తేల్చే పోటీలు. టైగర్ జోగిందర్ సింగుతో జతకట్టి జంటల పోటీ గెలిచాడు. ఒంటరి పోటీ ఆఖరి మ్యాచ్‌లో మాత్రం రికిడోజాన్ చేతిలో ఓడిపోయాడు. ఈ రికిడోజాన్ జపాను కుస్తీకి ఆద్యుడు. సుమో వదిలిపెట్టి ఇందులోకి వచ్చినవాడు. 1954 ఫిబ్రవరిలో అమెరికా నుంచి వచ్చిన షార్ప్ సోదరులతో ఆయన తలపడ్డప్పుడు ఇళ్ళలో టీవీలు లేని జనం వీధుల్లో పెట్టిన టీవీల ముందు గుంపులు కట్టి చూశారు. యుద్ధంలో ఓడిన దేశం, ఎత్తయిన తెల్లవాళ్ళు, వాళ్ళని చేతి అంచుతో కొట్టి పడగొట్టే మనవాడు - కథ అంతే. ఆ "మనవాడు" నిజానికి కొరియాలో పుట్టినవాడు. ఆ సంగతి బయటకు పొక్కకుండా చూసుకున్నారు. ఇంతకు మించిన వేషం ఏ నాటకంలో వుంటుంది?

ఇక అసలు ప్రశ్న. "ఇదంతా ముందే అనుకుని ఆడేదే కదా, అబద్ధం కదా?" అని ఎవరైనా అడుగుతారు. అవును, గెలుపోటములు ముందే నిర్ణయమైనవే. కీచకుడు చస్తాడని కూడా మనకు ముందే తెలుసు. మన వూళ్ళలో కంట్రాక్టు నాటకాలు ఆడించిన రోజుల్లో ఒకే రంగంలో ఇద్దరు పేరున్న నటులను ఎదురెదురుగా నిలబెట్టి టిక్కెట్లు అమ్మేవారు. కృష్ణుడు గెలుస్తాడా అర్జునుడు గెలుస్తాడా అన్నది ఎవరూ అడగలేదు. ఎవరి పద్యానికి వన్స్ మోర్ పడుతుందన్నదే పందెం. జపాను కుస్తీ కూడా అలాంటిదే, కాకపోతే ఇక్కడ పద్యం చదివేది వెన్నెముకతో.

ఈ ఆటలో ఇంకో సున్నితమైన సంగతి వుంది. రికిడోజానుతో జతగా ఆడిన మసహికో కిమురా అనే గొప్ప జూడో వీరుడు, 1954 డిసెంబరు 22న ఆయనతోనే తలపడ్డాడు. ఆ మ్యాచ్ సమంగా ముగించాలని ఒప్పందమని కిమురా తర్వాత చెప్పాడు. మధ్యలో రికిడోజాన్ నిజంగా కొట్టడం మొదలుపెట్టి ఆయన్ని పడగొట్టేశాడు. అంటే ఈ నాటకమంతా నిలబడేది ఎదుటివాడి మాట మీద. నీ మెడ నా చేతుల్లో పెడుతున్నావు, నేను దాన్ని జాగ్రత్తగా దింపుతాను అన్న మాట మీద. ఆపరేషను బల్ల మీద పడుకునే రోగికి, మత్తుమందు ఇచ్చే డాక్టరుకి మధ్య వుండేది కూడా అదే రకం మాట.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన మ్యాచ్ దగ్గరికి వస్తాను. 1991 ఆగస్టు 11, టోక్యోలోని ర్యోగోకు కొకుగికాన్. సుమో పోటీలకు కట్టిన శాల అది, సుమారు 11,000 మంది పడతారు. నేల మీద చాపలూ మెత్తలూ వేసుకుని కూర్చుంటారు. ఆంటోనియో ఇనోకి 1972లో పెట్టిన న్యూ జపాన్ అనే సంస్థకు ఆ శాలతో ఒక చేదు జ్ఞాపకం వుంది. 1987 డిసెంబరు 27న అక్కడ జనానికి చెప్పిన మ్యాచ్ ఒకటి, చివరికి చూపించింది ఒకటి. ఇనోకి వచ్చి, వేడర్ అనే కొత్త అమెరికా భీకరాకారుడి చేతిలో మూడు నిమిషాలలోపే ఓడిపోయాడు. జనం రెచ్చిపోయి దొరికిందల్లా విసిరారు, శాల పాడయింది. ఆ తర్వాత కొంతకాలం ఆ సంస్థకు అక్కడ తలుపులు మూసేశారు. నాటకం ఆడేవాడు జనాన్ని మోసం చేయవచ్చు, కానీ జనం ఒప్పుకున్న మోసమే చేయాలి.

నాలుగేళ్ళ తర్వాత అదే శాలలో ఆగస్టు 7 నుంచి 11 దాకా జీ వన్ క్లైమాక్స్ అనే కొత్త పోటీ పెట్టారు. ఎనిమిదిమంది, రెండు గుంపులు. ఒక్కో గుంపులో అందరూ అందరితో ఆడాలి, గుంపులో మొదటివాళ్ళు ఆఖరి మ్యాచ్‌కి. ఒక గుంపులో అప్పటి ఛాంపియన్ ఫుజినామి, వేడర్, స్కాట్ నార్టన్, కేజీ ముతో. రెండో గుంపులో రికీ చోషూ, బామ్ బామ్ బిగెలో, షిన్యా హషిమోతో, మసహిరో చోనో. తెర వెనుక ఎవరితో ఎవరు ఆడాలో అల్లే పని అప్పుడు చోషూదే. అంత పెద్ద పేరున్న ఆ మనిషి తన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాడు. మన నాటక సమాజాల్లో కంపెనీ యజమానే ఎప్పుడూ రాజు వేషం వేసుకుంటాడు. అలాంటివాళ్ళను చూసినవారికి ఆ సున్నా మార్కుల విలువ తెలుస్తుంది.

ముతో, చోనో, హషిమోతో ముగ్గురూ 1984లో ఒకే శిక్షణశాలలో చేరినవాళ్ళు. ఒకే వంటగది గిన్నెలో తిన్నవాళ్ళు. ముతో, చోనో ఇద్దరికీ మొదటి మ్యాచ్ ఒకటే: 1984 అక్టోబరు 5న ఒకరితో ఒకరు. ముతో గెలిచాడు. తర్వాత ముతో అమెరికా వెళ్ళి ముఖానికి రంగు పూసుకుని గ్రేట్ ముతాగా పేరు మోగించుకొచ్చాడు. హషిమోతో ఎద్దులాంటి ఒళ్ళు, కాలెత్తితే చప్పుడు వెనక వరసదాకా వినిపించే తన్ను. చోనో? చోనో బాగా ఆడతాడు అనేవారు. అంతే. పాండవుల్లో నకులుణ్ణి ఎవరు తలుచుకుంటారు చెప్పండి.

రెండో గుంపులో చోనో, హషిమోతో అరగంట ఆడి సమంగా ముగించారు. చివరికి మార్కులు కూడా సమానమయ్యాయి. అందుకని 11వ తేదీన ముందు వాళ్ళిద్దరూ మళ్ళీ తేల్చుకోవాలి. గెలిచినవాడు అదే సాయంత్రం ముతోతో ఆఖరి మ్యాచ్ ఆడాలి. కథ అల్లడంలో నేర్పు ఇక్కడుంది. చోనో హషిమోతోను ఓడించాడు, కానీ ఆ తన్నులన్నీ ఒంటిమీద వేసుకుని. తర్వాత అలసిన మనిషి తాజా మనిషి ఎదుట నిలబడ్డాడు. ఎవరూ మైకు పట్టుకుని ఏమీ చెప్పక్కర్లేదు. ఊపిరి చూస్తే తెలుస్తుంది.

ఇద్దరికీ ఒక్కో అస్త్రం వుంది. ముతోది మూన్‌సాల్ట్: మూల స్తంభం మీదకెక్కి, వెనక్కి పల్టీకొట్టి, కింద పడున్నవాడి మీద పడటం. చోనోది ఎస్.టి.ఎఫ్.: బోర్లా పడ్డవాడి కాలు తన కాళ్ళతో మెలిపెట్టి, మీదికి పాకి, ముఖాన్ని చేతులతో బిగించి వెనక్కి లాగడం. మోకాలు, నడుము, మెడ మూడూ ఒకేసారి లాగబడతాయి. ఈ పట్టు చోనోకి నేర్పింది లూ థెజ్. ఎవరీ థెజ్ అంటారా, 1957లో టోక్యోలో రికిడోజానుతో పోటీ పడ్డవాడు, 1968 మే 29న బొంబాయిలో మన దారాసింగు చేతిలో ఓడినవాడు. చుట్టాలు ఎక్కడెక్కడ కలుస్తారో చూడండి.

మ్యాచ్ అరగంటకు దగ్గరగా నడిచింది. మొదట చాలాసేపు నేలమీద పట్లే. తొందరపడేవాళ్ళకు ఇక్కడ నిద్ర వస్తుంది. కానీ బుర్రకథ చెప్పేవాడు మొదటి గంట తంబురా శృతి చేసుకుంటూ, వంశావళి చెబుతూ ఎందుకు కూర్చుంటాడు? తర్వాత యుద్ధం వచ్చినప్పుడు మనకు వాళ్ళెవరో తెలియాలి కాబట్టి. ఒకరి పట్టు ఒకరికి తెలుసు, ఏడేళ్ళుగా తెలుసు. ఒకడు మొదలుపెట్టేలోగానే రెండోవాడు విడిపించుకుంటున్నాడు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర పోట్లాడుకున్నట్టు, కోపం కంటే పరిచయం ఎక్కువ కనిపిస్తుంది. చివరి నిమిషాల్లో రిఫరీ రెండు లెక్కపెట్టగానే భుజం లేవడం మొదలవుతుంది. ప్రతిసారీ శాల అంతా ఊపిరి బిగబట్టి, వదులుతుంది.

ముగింపు మూన్‌సాల్టుతోనో ఎస్.టి.ఎఫ్.తోనో వస్తుందని అందరూ ఎదురుచూశారు. రెండూ కాదు. చోనో ముతోను తలకిందులుగా పైకెత్తి వీపు మీద నేలకు దించాడు, పవర్‌బాంబు అంటారు దాన్ని. ఆ ఎత్తు కూడా థెజ్ పేరు మీద చెప్పుకునేదే. ఒకటి, రెండు, మూడు. క్షణం తర్వాత కూర్చున్న మెత్తలు గాల్లోకి లేచాయి. సుమోలో మహా యోధుడు యోకోజునా చిన్నవాడి చేతిలో ఓడితే మెత్తలు విసరడం అక్కడి ఆచారం. 1987లో అదే శాలలో కోపంతో విసిరిన చేతులు ఈసారి సంతోషంతో విసిరాయి. రింగు నిండా మెత్తలు. మధ్యలో నకులుడు.

ఇక డాక్టరుగా రెండు మాటలు. నిర్ణయం ముందే అయినంత మాత్రాన ఎముక కర్రతో చేసింది అయిపోదు. చోనో మరుసటి ఏడు కూడా అదే పోటీ గెలిచాడు. ఆ 1992 సెప్టెంబరులోనే స్టీవ్ ఆస్టిన్ అతన్ని తలకిందులుగా పట్టుకుని కూలబడితే మెడకు పెద్ద దెబ్బ తగిలింది. ఆ దెబ్బ అతన్ని జీవితాంతం వదల్లేదు. 1997 ఆగస్టులో అమెరికాలో అదే రకం ఎత్తు తగిలి ఆస్టిన్ మెడే దెబ్బతింది. 2009 జూన్ 13న హిరోషిమాలో మిత్సుహారు మిసావా వెనక్కి పడి లేవలేదు. మెడలోని వెన్నుపాము దెబ్బతిని చనిపోయాడు. పడటం నేర్చుకున్నవాడు గడ్డం ఛాతీకి ఆనించి, వీపు వెడల్పంతా ఒకేసారి తాకేట్టు పడతాడు, దెబ్బ పంచుకుపోతుంది. తల ముందు తాకితే పంచుకోవడానికి ఏమీ లేదు. 1990లలో జపానులో తల మీద పడేసే ఎత్తులు ఫ్యాషన్ అయ్యాయి, చాలామంది వాటినే గొప్ప మ్యాచ్‌లంటారు. నేననను. 1991 ఆఖరి మ్యాచ్ అంతమందిని లేపి నిలబెట్టింది ఎవరి తలనూ పణంగా పెట్టకుండానే.

ముతో మోకాళ్ళ సంగతి వేరే. పల్టీ కొట్టిన ప్రతిసారీ మోకాళ్ళు కూడా నేలకు తగులుతాయి, అదీ ముప్పై ఏళ్ళకు పైగా. 2018లో రెండు మోకాళ్ళకూ కృత్రిమ కీళ్ళు వేశారు. అలాంటి కీళ్ళు వేయించుకున్న మా రోగులకు మేం మెట్లు నెమ్మదిగా ఎక్కండి అని చెబుతాం. ఆయన 2021 ఫిబ్రవరిలో, 58 ఏళ్ళ వయసులో, ఇంకో ఛాంపియన్ పట్టా గెలిచాడు. హషిమోతోకి అంత ఆయుష్షు లేకపోయింది. 2005 జూలై 11న మెదడులో రక్తస్రావమై పోయాడు, వయసు 40. రికిడోజాన్ అంతకంటే చిన్నవాడు: 1963 డిసెంబరు 8 రాత్రి టోక్యో నైట్ క్లబ్బులో కడుపులో కత్తిపోటు, ఆపరేషను చేసినా కడుపు పొర చీము పట్టి 15న మరణం. 39 ఏళ్ళు.

2023 ఫిబ్రవరి 21న టోక్యో డోములో ముతో ఆఖరి మ్యాచ్ ఆడాడు. తనకంటే చాలా చిన్నవాడైన నైతో చేతిలో ఓడిపోయాడు. అందరూ అయిపోయిందనుకుంటూ వుంటే మైకు తీసుకుని, పక్కన వ్యాఖ్యానం చెప్పడానికి కూర్చున్న చోనోని పిలిచాడు. చోనో అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఆట మానేసి వున్నాడు. కోటు తీసి రింగెక్కాడు. ఒకరికి 60, ఒకరికి 59. ఎక్కువసేపు ఏం ఆడతారు? చోనో కాలు మెలిపెట్టి, మీదికి పాకి, ముఖం పట్టుకుని వెనక్కి లాగాడు. ముతో చేత్తో నేల కొట్టి ఓటమి ఒప్పుకున్నాడు. 1984 అక్టోబరులో గెలిచింది ముతో. ఈసారి చోనో.