పెద్ద వయసులో సుంతీ.. ముందు చూడాల్సింది షుగర్

నలభై, యాభై ఏళ్లు దాటిన పురుషునికి జననాంగం ముందోలు క్రమంగా బిగుసుకుపోతుంది. వెనక్కి జరిపితే చర్మం చీరుకుంటుంది, మంట పుడుతుంది. స్నానవేళ శుభ్రపరచుకోవడం కష్టమవుతుంది. భార్యతో చెప్పుకోవడానికీ సంకోచమే. మందుల దుకాణంలో ‘దురదకు’ అని అడిగి ఆయింట్‌మెంట్ తెచ్చుకుంటారు. పది రోజులు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఇలా ఏడాది, రెండేళ్లు నెట్టుకొచ్చి, మూత్రం సన్నని ధారగా పడుతున్నప్పుడో, వాపు వచ్చినప్పుడో ఆసుపత్రి మెట్లెక్కుతారు. అక్కడ వైద్యుడు రాసే మొదటి పరీక్ష చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. అది రక్తంలో చక్కెర పరీక్ష.

ముందోలు వెనక్కి జరగని ఈ స్థితిని వైద్య పరిభాషలో ఫైమోసిస్ అంటారు. పసిపిల్లల్లో ఇది సహజం. వయసుతోపాటు దానంతటదే వదులవుతుంది. కానీ అంతవరకు ఏ ఇబ్బందీ లేని మగవారికి నడివయసులో కొత్తగా బిగిస్తే మాత్రం దాని వెనుక ఏదో కారణం ఉన్నట్లే. ఆ కారణాలలో ముందు వరుసలో ఉండేది మధుమేహం. రక్తంలో చక్కెర మితిమీరినప్పుడు అది మూత్రంలోకి దిగుతుంది. ఆ తడి ముందోలు లోపల నిలిచి, బూజు జాతికి చెందిన క్యాండిడా అనే సూక్ష్మజీవికి ఆహారమవుతుంది. పుండు పడడం, మానడం, మళ్లీ పడడం.. ఇలా పదేపదే జరిగితే చర్మం సాగే గుణాన్ని కోల్పోయి, మచ్చకట్టి, వలయంలా బిగుసుకుంటుంది.

తనకు షుగర్ ఉందన్న సంగతే తెలియని వ్యక్తికి ఈ పగుళ్లే తొలి హెచ్చరిక కావచ్చు. దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో సాగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీరిలో తమ వ్యాధి సంగతి తెలియనివారికీ కొదవ లేదు. అట్టివారు షుగర్ పరీక్ష లేకుండానే ఆయింట్‌మెంట్లతో కాలక్షేపం చేస్తే, చర్మం బాధ అటుంచి, కళ్లకూ మూత్రపిండాలకూ లోలోపల జరిగే నష్టం ఎవరి దృష్టికీ రాదు. ఇప్పటికే చికిత్సలో ఉన్నవారు గమనించాల్సిన మరో విషయం ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపి పనిచేస్తాయి. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మందులే అయినా, కొందరిలో జననాంగాల వద్ద ఈ బూజు సోకడానికి దోహదం చేస్తాయి. అలాగని సొంతంగా మాత్రలు మానేయరాదు. రాసిన వైద్యునికి చెబితే తగిన మార్పు చేస్తారు.

అందరికీ అవసరమా?

ముందోలు సులువుగా వెనక్కి జరిగి, శుభ్రత పాటించేవారికి వైద్యరీత్యా సుంతీతో పని లేదు. బిగువు స్వల్పంగా ఉన్నవారికి స్టిరాయిడ్ కలిసిన పూతమందును వైద్యుని పర్యవేక్షణలో 4 నుంచి 8 వారాలు వాడితే శస్త్రచికిత్స అక్కరలేకుండా పోయే అవకాశమూ ఉంది. అడుగున ఉండే సన్నని చర్మపు పోగు మాత్రమే పొట్టిగా ఉండి బాధిస్తుంటే దాన్ని సరిచేస్తే చాలు, ముందోలంతా తీయనవసరం లేదు. మచ్చకట్టి తెల్లబారిన చర్మం, పదేపదే వచ్చే పుండ్లు, మూత్రం పోసేటప్పుడు ముందోలు బుడగలా ఉబ్బడం వంటి లక్షణాలున్నవారికే వైద్యులు సాధారణంగా సుంతీని సూచిస్తారు.

ఇక్కడ మరో సంకోచం అడ్డుపడుతుంటుంది. తెలుగునాట ‘ఒడుగులు’ అని కూడా పిలిచే సుంతీ ముస్లిం కుటుంబాలలో బాల్యంలోనే జరిగే మతాచారం. దాంతో ఇతరులు దీన్ని మతానికి ముడిపెట్టి చూస్తారు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని శస్త్రచికిత్స వాయిదా వేసుకుంటారు. వ్యాధి నివారణకు చేసే సుంతీకి, మతానికి సంబంధం లేదు. హెర్నియాకు, వరిబీజానికి చేసే శస్త్రచికిత్సల వంటిదే ఇదీ.

హెచ్‌ఐవీకి విరుగుడుగా ఈ శస్త్రచికిత్సను ప్రచారం చేసేవారూ ఉన్నారు. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన మూడు పెద్ద అధ్యయనాలలో సుంతీ చేయించుకున్న పురుషులకు స్త్రీల నుంచి హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు 60 శాతం తగ్గిందన్నది నిజమే. ఆ ఫలితాలపైనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఈ పద్ధతిని సిఫారసు చేసింది. అయితే ఆ సిఫారసు వ్యాధి తీవ్రంగా ప్రబలిన తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాలను ఉద్దేశించినది. సుంతీ జరిగినా కండోమ్ అవసరం తీరిపోదు.

లైంగిక పటుత్వం పెరుగుతుందనీ, కాదు తగ్గుతుందనీ రెండు రకాల వదంతులు వినవస్తుంటాయి. కెన్యా అధ్యయనంలో పాల్గొన్నవారిని రెండేళ్లపాటు గమనించగా చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. బిగువు వల్ల నొప్పి అనుభవించినవారికి ఆ నొప్పి తొలగడమే దక్కే మేలు.

ఆలస్యం చేయరాని స్థితి

బిగుతుగా ఉన్న ముందోలును బలవంతంగా వెనక్కి లాగితే అది తిరిగి ముందుకు రాక, మెడకు ఉరి వేసినట్లు బిగుసుకుంటుంది. ముందుభాగం ఉబ్బిపోతుంది. దీన్ని పారాఫైమోసిస్ అంటారు. రక్తప్రసరణ ఆగి కండ కుళ్లిపోయే ప్రమాదం ఉన్నందున కొన్ని గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి. రాత్రి అయిందని తెల్లవారేదాకా ఆగరాదు. మంచాన పడిన వృద్ధులకు మూత్రపు గొట్టం అమర్చిన సందర్భాల్లో ఇది తరచు ఎదురవుతుంది. శుభ్రం చేయడానికి ముందోలును వెనక్కి జరిపి, తిరిగి యథాస్థానానికి తేవడం మరచిపోవడమే అందుకు కారణం. ఇంట్లో తండ్రికో, తాతకో సేవ చేసేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే పెద్ద ఉపద్రవం తప్పుతుంది.

శస్త్రచికిత్స ఎలా?

పెద్దవారికి సుంతీని జనరల్ సర్జన్ లేదా యూరాలజిస్టు చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల శస్త్రచికిత్స విభాగాలలోనూ చేస్తారు. ఆ భాగానికి మాత్రమే మత్తు సూది ఇచ్చి అరగంట నుంచి ముప్పావు గంటలో ముగిస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. పట్టణాలలో ‘లేజర్’, ‘స్టేప్లర్’ అంటూ ప్రకటనలు కనిపిస్తుంటాయి. స్టేప్లర్‌తో సమయం తగ్గే మాట వాస్తవమే గానీ ఖర్చు పెరుగుతుంది. కత్తి, కుట్లతో చేసే పాత పద్ధతి అనుభవజ్ఞుడి చేతిలో ఏమాత్రం తీసికట్టు కాదు. అర్హత లేనివారి చేతిలో మాత్రం ఏ పరికరమైనా ప్రమాదకరమే.

మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులోకి తెచ్చుకున్నాకే బల్లెక్కాలి. లేకుంటే గాయం మానడం ఆలస్యమై చీము పట్టవచ్చు. గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారు ఆ సంగతి దాచరాదు. ఆపాలో, కొనసాగించాలో నిర్ణయించాల్సింది వైద్యుడే. మత్తుమందు పడనివారు, చిన్న గాయానికే ఎక్కువసేపు నెత్తురు కారే స్వభావం ఉన్నవారు కూడా ముందుగానే చెప్పాలి.

తొలి మూడు, నాలుగు రోజులు నొప్పి, వాపు ఉంటాయి. ముందుభాగానికి బట్ట తగిలితేనే చురుక్కుమంటుంది. నిద్రలో కలిగే అంగస్తంభన కుట్లను లాగి బాధిస్తుంది. పడుకునే ముందు మూత్రవిసర్జన చేయడం వల్ల కొంత ఉపశమనం లభిస్తుంది. లుంగీ కన్నా, అంగాన్ని పైకి నిలిపి ఉంచే లోదుస్తు మేలని వైద్యులు చెబుతారు. కుట్లు రెండు, మూడు వారాల్లో వాటంతటవే కరిగి రాలిపోతాయి. ఆఫీసు ఉద్యోగి వారంలో పనికి వెళ్లగలడు. కానీ నాగలి పట్టే రైతు, బస్తాలు మోసే హమాలీ, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, రోజంతా ద్విచక్ర వాహనంపై తిరిగే వ్యక్తి అంతకన్నా ఎక్కువ విశ్రాంతికి సిద్ధపడాలి. కూలి పోతుందని నాలుగో రోజే పనిలోకి దిగి, కుట్లు తెగి తిరిగి వస్తే పోయేది ఇంకా ఎక్కువ. దాంపత్యానికి నాలుగు నుంచి ఆరు వారాలు దూరంగా ఉండాలి. ఈ విషయంలో ముందుగానే భార్యతో మాట్లాడుకోవడం ఉత్తమం. పది నిమిషాలు అదిమి పట్టినా ఆగని రక్తం, జ్వరం, చీము, మూత్రం రాకపోవడం, ముందుభాగం నల్లబారడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చాలామంది పట్టించుకోనిది మరొకటుంది. బిగుసుకుపోయిన ముందోలు లోపల కేన్సర్ పుండు కంటికి కనిపించకుండా పెరగవచ్చు. దీర్ఘకాలం బిగువు ఉండడం, అశుభ్రత, పొగతాగడం, హెచ్‌పీవీ అనే వైరస్ ఈ కేన్సర్‌కు దారితీసే కారణాలు. దుర్వాసన, రక్తంతో కూడిన స్రావం, గట్టిగా తగిలే గడ్డ, గజ్జల్లో బిళ్లలు ఉంటే ఒక్క రోజు కూడా ఉపేక్షించరాదు. పైకి ఏ లక్షణమూ లేకపోయినా, అనుమానం కలిగించే చర్మాన్ని సర్జన్లు బయాప్సీ పరీక్షకు పంపుతారు. తమ విషయంలో పంపారో లేదో అడిగి తెలుసుకోవాలి. నివేదిక రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటికి నొప్పి తగ్గి, కుట్లు రాలిపోయి ఉంటాయి. అందువల్ల మళ్లీ ఆసుపత్రి వైపు రానివారుంటారు. ఆ కాగితాన్ని వైద్యునికి చూపించేవరకు చికిత్స ముగిసినట్లు కాదు.