కృష్ణ నీటి వెంట దివిసీమ దాకా

కృష్ణా నది సముద్రంలో కలిసే ముందు తన ఒండ్రుతో తానే పోసుకున్న నేల దివిసీమ. విజయవాడకు దిగువన పులిగడ్డ దగ్గర నది రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక మండలాలు లంకలా నిలిచాయి. గట్టు మీదున్న చల్లపల్లి, మోపిదేవి ప్రాంతాలను కూడా కలుపుకొని దివిసీమ అనడం జనం వాడుక. కొండ లేదు, గుట్ట లేదు. కనుచూపు మేర వరి, గట్ల మీద కొబ్బరి, తాడిచెట్లు, మలుపు తిరిగితే కాలువ, ఆ పైన రొయ్యల చెరువులు, చివరికి మడ అడవి, సముద్రం.

తిరువూరు నుంచి నలుగురు స్నేహితులు కలిసి ఒక బండి మాట్లాడుకుని, రెండు రోజుల్లో తృప్తిగా చూసి రాగల చోటు ఇది. తిరువూరు మెట్ట ప్రాంతం. ఎర్రనేలలు, మామిడి తోటలు, చెరువుల కింద సేద్యం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు ఇక్కడికి చేరేసరికి ఆయకట్టు చివరికి వచ్చేస్తాయి. దివిసీమ కూడా చివరి నేలే, కాకపోతే డెల్టా కాలువలకు. ఒకే నది నీటి కోసం రెండు కొసల్లో ఎదురుచూసే రైతులు వీళ్లు. ఆ సంగతి మనసులో పెట్టుకుని బయల్దేరితే, దారి పొడవునా కనిపించే ప్రతి తూమూ, లాకూ, గట్టూ ఆసక్తిగా అనిపిస్తాయి.

మొదటి అంచె తిరువూరు నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీద ఎ.కొండూరు, మైలవరం, కొండపల్లి మీదుగా ఇబ్రహీంపట్నం, అక్కణ్ణుంచి విజయవాడ. ప్రకాశం బ్యారేజీ దగ్గర బండి ఆపి తీరాలి. దివిసీమ పచ్చదనానికి మూలం అక్కడే ఉంది. 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన ఆనకట్ట కృష్ణ నీటిని కాలువలకు మళ్లించింది. 1952లో దానికి గండిపడింది. దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ 1957లో పూర్తయింది, ఆంధ్రకేసరి పేరు పెట్టుకుంది. తొలి ఆనకట్ట రాకముందు డెల్టా రైతుకు వానా వరదా తప్ప వేరే దిక్కు లేదు.

విజయవాడ దాటాక రెండు దారులు. బందరు రోడ్డు మీద ఉయ్యూరు, పామర్రు వెళ్లి కుడివైపు తిరిగితే కూచిపూడి తగులుతుంది. సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన నాట్యానికి పుట్టిల్లు అది. పక్కనే క్షేత్రయ్య పుట్టిన మొవ్వ. మరికాస్త ముందుకు వెళితే ఘంటసాల. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో ‘కంటకోస్సిల’ అని రాసిన రేవు ఇదేనని పండితుల నిర్ణయం. బౌద్ధ స్తూపం శిథిలాలు, పురావస్తు శాఖ మ్యూజియం ఉన్నాయి. ఒకప్పుడు ఓడలు ఆగిన చోట ఇప్పుడు వరిచేలున్నాయంటే, ఈ రెండు వేల ఏళ్లలో నది ఎంత మట్టి తెచ్చి పోసిందో ఊహించవచ్చు.

రెండో దారి కరకట్ట. వరద ఊళ్ల మీదికి రాకుండా నది పొడవునా వేసిన ఆ మట్టికట్ట మీదే రోడ్డు సాగుతుంది. కుడివైపు కృష్ణ, లంక పొలాల్లో అరటి, పసుపు, కంద. ఎడమవైపు కట్ట కన్నా దిగువన ఊళ్లు. వేగంగా పోవాలంటే బందరు రోడ్డు మంచిది, కళ్లారా చూడాలంటే కరకట్టే. ఈ దారిలోనే శ్రీకాకుళం వస్తుంది. జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న ఆంధ్ర మహావిష్ణువు ఊరు. కళింగ దండయాత్రకు వెళుతూ ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నప్పుడు, స్వామి కలలో కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకున్నాడు.

మోపిదేవిలో సర్పం చుట్టల మీద లింగరూపంలో వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి దర్శించుకుని కాస్త ముందుకు వెళితే పులిగడ్డ. ఇక్కడి అక్విడక్టును చూసేందుకు అరగంటైనా కేటాయించాలి. కింద కృష్ణ పాయ, దాని మీదుగా స్తంభాలపై కాలువ. నదిని దాటుకుంటూ నది నీరే పోతుంది! ఉప్పుగాలి తగిలే లంకలో తాగునీటికీ సాగునీటికీ ఈ కాలువే ఆధారం.

దివిసీమలోకి అడుగుపెట్టాక స్థానికుడొకరు బండిలో ఉండాలి. ఫోన్‌లోని మ్యాపు రోడ్డును చూపిస్తుంది. పోటు ఎప్పుడో, ఏ రేవులో పడవ ఎన్నింటికి ఆగిపోతుందో, ఏ డొంక వాన పడితే దిగబడుతుందో అది చెప్పదు. అవనిగడ్డలోనో నాగాయలంకలోనో ముందుగా ఒకరితో మాట్లాడుకోవడం మేలు. పడవ నడిపేవాళ్లు, చేపల వేటకు వెళ్లేవాళ్లు, అటవీ శాఖలో రోజుకూలీకి పనిచేసినవాళ్లు దొరికితే మరీ మంచిది. వాళ్ల రోజు కూలి పోకుండా డబ్బు ముందే ఖాయం చేసుకోవాలి. వాళ్లకున్న ఆ ఎరుక ఏళ్ల తరబడి నీళ్లలో తిరిగితే వచ్చింది, దానికి విలువ కట్టి ఇవ్వడం న్యాయం.

అలాంటి మనిషి పక్కనుంటే మామూలు పొలం కూడా మాట్లాడుతుంది. కార్తీకం దాటాక వెళ్లినవాళ్లకు కోతకొచ్చిన వరిలో రైతు మినుములు చల్లుతూ కనిపిస్తాడు. పైరు ఇంకా నిలబడే ఉంటుంది, నేలలో పదును ఉంటుంది. రెండు మూడు రోజుల్లో వరి కోసేస్తారు. అప్పటికి మినుము మొలక పనల కింద తలెత్తుతుంది. దున్నకం లేదు, తడి పెట్టేది లేదు. నేలలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసే మంచు చాలు, రెండున్నర నెలల్లో పంట చేతికొస్తుంది. ఇడ్లీ, దోసె, గారె తినే ప్రతివారూ ఒకసారి దగ్గర నిలబడి చూడవలసిన సేద్యం ఇది.

అవనిగడ్డ దాటి కోడూరు, నాగాయలంకల వైపు వెళుతుంటే ఊళ్లలో ఎత్తయిన స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టర్లు కనిపిస్తాయి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం పల్లపు ఊళ్ల మీదికి వచ్చి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకుపోయింది. ఆ తుపానులో పోయిన ప్రాణాలు అధికారిక లెక్కల ప్రకారమే 10 వేల దాకా ఉన్నాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీర గ్రామాల్లో కుటుంబాలకు కుటుంబాలే మిగల్లేదు. నేల చదునుగా ఉండటం, ఎక్కి నిలబడేందుకు మెరక లేకపోవడం, హెచ్చరిక జనానికి సమయానికి అందకపోవడం, ఈ మూడూ కలిసి అంత నష్టం చేశాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారు. ఇక్కడివాడే అయిన మంత్రి మండలి వెంకటకృష్ణారావు సహాయ పనుల్లో నిలబడ్డారు. పక్కా ఇళ్ల కాలనీలు, షెల్టర్లు ఆ తర్వాత వచ్చినవే. యాత్రకు వెళ్లినవాళ్లు ఈ ఊళ్లలో బండి నెమ్మదిగా పోనివ్వాలి, పాటల మోత తగ్గించాలి. ఆ రాత్రిని చూసినవాళ్లు ఇంకా అరుగుల మీద కూర్చుని ఉన్నారు.

కోడూరు మండలం చివర హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి, దానికి అవతల పాలకాయతిప్ప ఇసుక తిన్నెలు, ఆ పక్కన కృష్ణమ్మ సాగరంలో కలిసే చోటు. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకు జనం వేలల్లో వస్తారు. సంగమం దగ్గర నది ఉరవడికి సముద్రపు పోటు ఎదురై సుడులు లేస్తాయి కనుక ఈతకు దిగకూడదు. శీతాకాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ తీరానికి వస్తాయి. ఒక్కొక్కటి ఇసుక తోడి వంద దాకా గుడ్లు పెట్టి, గుంత పూడ్చి వెళ్లిపోతుంది. కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీ శాఖ వాటిని ఏరి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో మళ్లీ పాతిపెడుతుంది. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వెచ్చదనాన్ని బట్టే అవి ఆడవో మగవో తేలుతుంది. పిల్లల్ని సముద్రంలోకి వదిలే సమయానికి వెళ్లగలిగితే అదృష్టమే. టార్చిలైట్లు, ఫోన్ ఫ్లాష్‌లు మాత్రం వాడకూడదు. వెలుతురు చూస్తే అవి నీటివైపు కాకుండా అటు పాకుతాయి.

రెండో రోజు నాగాయలంక. ఘాట్ దగ్గర కృష్ణ సముద్రమంత వెడల్పుగా కనిపిస్తుంది. నది నడుమ ఎదురుమొండి దీవి ఉంది. ఇన్నేళ్లూ అక్కడి జనానికి రాకపోకలన్నీ పడవ మీదా, పంటు మీదా సాగాయి. పడవల మీద పలకలు పరిచి కట్టిన ఆ పంటు మీదికి మోటారు సైకిళ్లు, ఆటోలు, ధాన్యం బస్తాలు, బడి పిల్లలు అందరూ ఎక్కుతారు. వినోదానికి వెళ్లినవాళ్లు ముందు ఊరివాళ్లకు దారివ్వాలి, ఆసుపత్రికి పోయేవాళ్లకూ అదే దారి.

పాయల వెంట లోపలికి వెళితే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చే మడ చెట్ల వేర్లు గాలి పీల్చుకునేందుకే. ఉప్పు బురదలో ఊపిరాడదు కనుక చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. చేపలు పట్టి తినే ఫిషింగ్ క్యాట్ అనే నీటి పిల్లికి ఈ అడవి స్థావరం. పగలు అది కనబడటం అరుదు, బురదలో దాని అడుగుల గుర్తులు పడవవాడు చూపిస్తాడు. మడ అడవి అలల ఉరవడిని తగ్గిస్తుందని తీరంలో ప్రతి పల్లెకారుకూ తెలుసు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా యాత్రకు అనుకూలం. అయితే నవంబరు, డిసెంబరుల్లో వాతావరణ శాఖ కబురు చూసుకున్నాకే బండి కట్టాలి. ఏప్రిల్, మే ఎండలు, ఉక్కపోత భరించలేనివి. బస అవనిగడ్డలో దొరుకుతుంది, భోజనంలో మండపీతలు, రొయ్యలు, కాలువ చేపలు తప్పక అడగాలి. తిరుగు ప్రయాణంలో వచ్చిన దారే పట్టనక్కర్లేదు. పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటితే రేపల్లె, అక్కణ్ణుంచి తెనాలి మీదుగా విజయవాడ చేరవచ్చు. నది రెండు ఒడ్లూ చూసినట్టవుతుంది, మైలవరం మీదుగా రాత్రికల్లా తిరువూరు రావచ్చు.