కంపెనీని కొన్నారు సరే, డేటాబేస్ ఏ దేశంలో పెట్టాలి?

పొద్దున్నే లేచి బ్యాంక్ యాప్ ఓపెన్ చేశారు. లాగిన్ అవ్వట్లేదు. కాసేపటికి అయింది కానీ, అందులో కనిపిస్తున్న అకౌంట్ మీది కాదు, ఇంకెవరిదో! ఎలా ఉంటుంది? 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంక్ కస్టమర్లలో కొందరికి అచ్చం ఇదే జరిగింది. కారణం హ్యాకర్లు కాదు. ఒక దేశం కంపెనీ ఇంకో దేశం కంపెనీని కొన్నాక సాఫ్ట్‌వేర్‌ని ఎలా మార్చారన్నదే కారణం. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు బేసిక్స్. కంపెనీ చేతులు మారితే బిల్డింగ్, బోర్డు ఒక్క రోజులో మారిపోతాయి. జీతాలు, స్టాక్, బిల్లులు, కస్టమర్ల వివరాలు ఉన్న డేటాబేస్ మాత్రం పాత ఓనర్ సర్వర్లలోనే ఉంటుంది. అందుకే కొన్నాళ్ళు పాత ఓనర్‌కే డబ్బు కట్టి అక్కడే నడిపిస్తారు. 2008లో ఫోర్డ్ నుంచి టాటా మోటార్స్ జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని కొన్నప్పుడు కూడా కొంతకాలం ఐటీ సేవలు ఫోర్డే ఇచ్చేలా ఒప్పందం రాసుకున్నారు. అద్దె ఇల్లు లాంటిదన్నమాట, ఎప్పటికైనా ఖాళీ చేయాల్సిందే.

మరి ఖాళీ చేసి ఎక్కడికి వెళ్ళాలి? అన్నీ హెడ్ ఆఫీసులో ఒకే డేటాబేస్‌లో పెట్టేద్దాం అనిపిస్తుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది దూరం. ఫైబర్ కేబుల్‌లో సిగ్నల్ సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి లండన్ దాదాపు 7,700 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికే 77 మిల్లీ సెకన్లు. కేబుల్ చుట్టూ తిరిగి వెళ్తుంది కాబట్టి నిజంలో 100 దాటుతుంది. ఇదేం లేటు అంటారా? ఒక బిల్లు స్క్రీన్ తెరవడానికి సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌ని 200 సార్లు ఒకదాని తర్వాత ఒకటి అడిగిందనుకోండి, 20 సెకన్లు! కౌంటర్ దగ్గర కస్టమర్ ఊరుకుంటాడా? నెట్ స్పీడ్ ఎంత పెంచినా ఇది తగ్గదు, ఎందుకంటే ఇక్కడ సమస్య దూరం. అందుకే అప్లికేషన్ సర్వర్‌ని డేటాబేస్ పక్కనే పెట్టి, యూజర్‌కి స్క్రీన్ మాత్రమే పంపిస్తారు. అప్పుడు ఆ 200 ప్రశ్నలూ ఒకే గదిలో అయిపోతాయి.

రెండోది చట్టం. యూరప్ వాళ్ళ వ్యక్తిగత వివరాలు బయటి దేశానికి పంపాలంటే 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ రూల్స్ పాటించాలి. మన దగ్గర చెల్లింపుల డేటా ఇండియాలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018లో చెప్పింది. ఇక్కడి కంపెనీ లెక్కలు విదేశీ సర్వర్‌లో ఉన్నా సరే, రోజూ ఒక బ్యాకప్ ఇండియా సర్వర్‌లో ఉండాలని 2022లో రూల్ మార్చారు. అందుకే చాలా కంపెనీలు మధ్యే మార్గం పడతాయి. ఏ దేశం డేటా ఆ దేశంలో, మొత్తం లెక్కల సారాంశం మాత్రం హెడ్ ఆఫీసుకి.

ఇప్పుడు టీఎస్‌బీ దగ్గరికి వద్దాం. 2015లో స్పెయిన్‌కి చెందిన సబాడెల్ బ్యాంక్ దాన్ని కొనింది. అప్పటిదాకా సిస్టమ్స్ అన్నీ పాత ఓనర్ లాయిడ్స్‌వి. వాటినుంచి బయటపడి సబాడెల్ తయారు చేసిన సిస్టమ్‌కి మారాలి. 52 లక్షల మంది కస్టమర్లు. అందరినీ ఒకే వీకెండ్‌లో మార్చేశారు. డేటా బాగానే చేరింది, కానీ కొత్త సిస్టమ్ లోడ్ తట్టుకోలేకపోయింది. రెండు డేటా సెంటర్లు కలిసి పనిచేయాల్సి ఉండగా, కొన్ని ముఖ్యమైన టెస్టులు ఒకదాంట్లోనే చేశారని తర్వాత విచారణలో తేలింది. 19 లక్షల మంది వరకు తమ అకౌంట్లలోకి వెళ్ళలేకపోయారు. పరిస్థితి పూర్తిగా మామూలయ్యేసరికి డిసెంబర్ వచ్చింది. 2022లో రెగ్యులేటర్లు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా ఫైన్ వేశారు.

మన హైదరాబాద్‌లో ఇలాంటి మార్పిడి పనుల కోసం వీకెండ్ నైట్ షిఫ్టులు చేసే అన్నలు, అక్కలు చాలామందే ఉన్నారు. మీరు రేపు ఆ సీట్లో కూర్చుంటే రెండు ప్రశ్నలు అడగండి. అసలు లోడ్‌తో, అన్ని సెంటర్లలో టెస్ట్ చేశామా? ఫెయిల్ అయితే పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళే దారి ఉందా? రెండింటికీ అవును అని రాకపోతే, డేట్ వాయిదా వేయమని ధైర్యంగా చెప్పండి. వాయిదా వేస్తే మేనేజర్ తిడతాడేమో, అంతే. వేయకపోతే నెలాఖరున అద్దె కట్టలేక ఎవరో ఇబ్బంది పడతారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!