లావు అక్షరం ఎక్కడ తప్పిపోయింది?

ఒక విద్యార్థి తన కంప్యూటర్లో పాత ఫైళ్లను తుడిచివేసే చిన్న ప్రోగ్రాం రాశాడనుకోండి. తుడిచే ముందు "జాగ్రత్త! ఇవి మళ్లీ రావు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు హెచ్చరిక పసుపుపచ్చని లావు అక్షరాల్లో కనిపించాలని అతని కోరిక. అతని తెర నల్లనిది. హెచ్చరిక దాని మీద ధగధగా మెరిసింది. ఆ ప్రోగ్రాంనే ఒక మిత్రుడు తన కంప్యూటర్లో నడిపాడు. అతని తెర తెల్లనిది. హెచ్చరిక ఉండవలసిన చోట దాదాపు ఏమీ కనిపించలేదు. అతను ఏమీ చదవకుండానే మీట నొక్కాడు. ఫైళ్లు పోయాయి!

ప్రోగ్రాం రెండు చోట్లా ఒకటే. కంప్యూటర్లు రెండూ బాగానే ఉన్నాయి. మరి లావు అక్షరాలు ఏమైనట్లు?

ఇది టెర్మినల్లో జరిగిన కథ. టెర్మినల్ అంటే ఏమిటి? మనం ఆదేశాన్ని అక్షరాల్లో టైపు చేస్తే, కంప్యూటర్ కూడా అక్షరాల్లోనే జవాబు చెప్పే తెర. అక్కడ బొమ్మలు నొక్కే పని ఉండదు. అక్షరం కనపడకపోతే ఇక మాటే లేనట్లు. కాబట్టి అక్షరం ఎలా పుడుతుందో కొంచెం తెలుసుకుందాం.

కంపోజిటరుకు ఒక మనవి

పూర్వం అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చేవారు. ఏదైనా మాట లావుగా పడాలంటే రాతప్రతిలో ఆ మాట కింద అలలాంటి వంకర గీత గీసేవారు. గమనించండి, ఆ గీత లావు అక్షరం కాదు. "దీన్ని లావుగా వెయ్యండి" అని కంపోజిటరుకు చేసుకునే మనవి మాత్రమే. లావు అక్షరాల అర వేరుగా ఉంటుంది. ఆ అర ఉన్న అచ్చాఫీసులో పని సజావుగా జరుగుతుంది. లేని చోట కంపోజిటరు మరో ఉపాయంతో సరిపెట్టుకోవలసిందే.

టెర్మినల్లోనూ సరిగ్గా ఇంతే. ప్రోగ్రాం లావు అక్షరాన్ని పంపదు. మనవిని పంపుతుంది. ఆ మనవిలో నాలుగు గుర్తులుంటాయి. మొదటిది ఎస్కేప్ అనే కనిపించని గుర్తు. దాని సంఖ్య 27. తర్వాత [ అనే బ్రాకెట్టు, 1 అంకె, చివర ఇంగ్లీషు చిన్నబడి ఎమ్. ఈ నాలుగూ వరుసగా వస్తే టెర్మినల్ వాటిని తెరమీద వెయ్యదు. "ఇక్కడినుంచి లావుగా" అన్నమాట కాబోలని గ్రహిస్తుంది. 1కి బదులు 0 వస్తే "ఇక చాలు, మామూలుగా" అని అర్థం. ఆ 0 పంపడం మరచిపోతే తర్వాత వచ్చే అక్షరాలు కూడా లావుగానే పడుతూ పోతాయి!

ఒక అంకె, రెండు అర్థాలు

ఇలాంటి గుర్తులకు ఎక్మా-48 అనే ప్రమాణం ఉంది. అది మొదట 1976లో వెలువడింది. దాని 1991 నాటి కూర్పులో 1 అంకెకు ఎదురుగా రాసిన అర్థం ఏమిటో తెలుసా? "లావు, లేదా ఎక్కువ కాంతి" అని! ఆ "లేదా" దగ్గరే చిక్కంతా ఉంది.

కాంతి ఎందుకు వచ్చింది? 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వీటీ 100 టెర్మినల్ వచ్చింది. దాని తెరమీద మామూలుగా వరుసకు 80 అక్షరాల చొప్పున 24 వరుసలు, అంటే 1920 గళ్లు. గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ల ధార తెర వెనుక పూతను తాకి చుక్కలు వెలిగించేది. వీటిలోంచి లావు అక్షరాల కోసం వేరే ఆకారాలు దాచడం కన్నా, ధార బలం పెంచి అవే చుక్కలను మరింత వెలిగించడం తేలిక. అందుకని అక్కడ లావు అంటే వెలుగే.

తర్వాత రంగుల తెరలు వచ్చాయి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ రంగుల పలకలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్క దానికి ఒక బిట్ చొప్పున మూడు బిట్లు. మూడు బిట్లతో 2×2×2 = 8 రంగులు. కాంతి పెంచడానికి నాలుగో బిట్. దానితో మొత్తం 16. అప్పటినుంచి "లావు" అనగానే ఎనిమిది రంగుల్లో ఒకదాన్ని దాని వెలుగు జంటగా మార్చడం చాలా టెర్మినల్ ప్రోగ్రాంలకు అలవాటైంది.

నేటి టెర్మినల్ ఒక కిటికీలో నడిచే ప్రోగ్రాం. దానికి మనవి అందితే మూడు దారులున్నాయి. ఫాంటులో లావు అక్షరాలు వేరుగా ఉంటే వాటిని వాడవచ్చు. లేకపోతే అదే అక్షరాన్ని ఒక్క చుక్క పక్కకు జరిపి రెండోసారి గీయవచ్చు. పూర్వం టైపు మిషను మీద బ్యాక్‌స్పేస్ నొక్కి అదే అక్షరాన్ని మళ్లీ కొట్టేవారు కదా, అలాగ! మూడోది, ఆకారాన్ని ముట్టుకోకుండా రంగును వెలిగించవచ్చు. కొన్ని టెర్మినల్లు లావూ చేస్తాయి, రంగూ మారుస్తాయి.

మూడు ప్రయోగాలు

ఇక తప్పిపోయిన అక్షరాన్ని వెదుకుదాం. వైద్యుడు ముందు నాడి చూస్తాడు గాని మందు ఇవ్వడు. మనమూ సెట్టింగులు మార్చేముందు పరీక్ష చేద్దాం.

మొదటి ప్రయోగం: మనవిని మనమే స్వయంగా పంపడం. లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో ప్రింట్‌ఎఫ్ అనే ఆదేశం ఉంది. దాని తర్వాత ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య \033[1 అని రాసి, వెంటనే చిన్నబడి ఎమ్, తర్వాత ఏదైనా ఇంగ్లీషు మాట, చివర \033[0 రాసి మళ్లీ ఎమ్ చేర్చండి. 033 ఏమిటంటారా? అది ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్య. 3×8 + 3 = 27. మన ఎస్కేపే!

మాట లావుగా పడిందా? అయితే టెర్మినల్ మంచిదే. లోపం ప్రోగ్రాం వైపు ఉంది. అది మనవి పంపలేదన్నమాట. టెర్మ్ అనే అమరికలో టెర్మినల్ పేరు తప్పుగా ఉంటే, ఈ తెరకు లావు తెలియదని ప్రోగ్రాం అనుకోవచ్చు. జవాబు తెరకు కాక ఫైలులోకి పోతుంటే కూడా చాలా ప్రోగ్రాంలు మనవులు మానేస్తాయి. మాట లావుగా పడకపోతే లోపం టెర్మినల్లోనో, ఫాంటులోనో, మధ్యలో టీమక్స్ లాంటి మధ్యవర్తి ప్రోగ్రాం నడుస్తుంటే దానిలోనో ఉంది. చూశారా, ఒక్క పరీక్షతో వెదకవలసిన చోటు సగానికి తగ్గింది!

రెండో ప్రయోగం: రంగు పరీక్ష. పసుపు రంగు సంఖ్య 33. ఒక మాటను 0;33తోనూ, అదే మాటను 1;33తోనూ వేసి పక్కపక్కన చూడండి. రెండోది లావు కావడంతోపాటు రంగు కూడా మారితే మీ టెర్మినల్ పాత అలవాటును పాటిస్తున్నట్లు. మన కథలో జరిగింది ఇదే. పసుపు వెలుగు పసుపుగా మారి తెల్లని తెరలో కలిసిపోయింది. నల్లని తెరమీదా ఇలాంటి చిక్కు ఉంది. 2011లో వచ్చిన సోలరైజ్డ్ అనే రంగుల అమరికలో కొన్ని వెలుగు రంగుల స్థానాల్లో బూడిద ఛాయలు పెట్టారు. అక్కడ లావు ఆకుపచ్చ బూడిదరంగుగా కనిపిస్తుంది. వైద్యం తేలికే: టెర్మినల్ సెట్టింగుల్లో "లావు అక్షరాలను వెలుగు రంగుల్లో చూపు" అనే అర్థం వచ్చే గడి ఉంటే అందులో టిక్కు తీసివెయ్యండి.

మూడో ప్రయోగం: వెడల్పు పరీక్ష. ఒక వరుసలో పది మామూలు ఎమ్‌లు, దాని కింద పది లావు ఎమ్‌లు వెయ్యండి. రెండు వరుసలూ ఒకే చోట ముగియాలి, అక్షరాల అంచులు తెగకూడదు. తెగినా, పక్క గడిలోకి చొరబడినా ఆ ఫాంటులోని లావు అక్షరాలు గడి కన్నా వెడల్పు. మామూలు, లావు రెండూ ఒకే వెడల్పుతో తయారైన ఫాంటును ఎన్నుకోవాలి. ఈ పరీక్షకు ఇంగ్లీషు అక్షరాలే వాడండి. మన "ర" ఒక వెడల్పు, "ఘ" మరొక వెడల్పు. పైగా వత్తులూ గుణింతాలూ ఉన్నాయి. సమాన గడుల్లో అవి ఒదగక చాలా టెర్మినల్లలో తెలుగు మామూలుగానే చెదిరిపోతుంది. అలాంటప్పుడు తప్పు లావుది అవునో కాదో తేలదు.

ఆ విద్యార్థి ఏం చేయాలి?

మిత్రుడి సెట్టింగు మార్చితే ఒక్క తెర బాగుపడుతుంది. ఆ ప్రోగ్రాం రేపు ఏ తెరమీద నడుస్తుందో ఎవరికి తెలుసు? లావు అన్నది మనవి మాత్రమే కనుక, అవతలివారు దాన్ని ఎలా నెరవేరుస్తారో మన చేతిలో లేదు. ప్రాణాధారమైన మాటను దానిమీద ఒక్కదానిమీదే నిలపకూడదు. హెచ్చరికను రంగు చెప్పకుండా మామూలు అక్షరాల్లోనే వెయ్యాలి. అంతేకాదు, ఏదో ఒక మీట నొక్కితే చాలదు, "అవును" అన్న మాటను పూర్తిగా టైపు చేస్తేనే తుడవాలి. అప్పుడు కనపడని హెచ్చరిక ఉన్నా ఫైళ్లు మాత్రం పోవు.

మీ బడిలో కంప్యూటర్లుంటే, మాస్టారి అనుమతితో ఈ మూడు ప్రయోగాలూ రెండు వేరువేరు కంప్యూటర్లమీద చేసి చూడండి. పంపిన మనవి ఒకటే అయినా ఫలితాలు ఒకేలా ఉన్నాయా? లేకపోతే, ఎక్కడ మారిందో మీరే చెప్పగలరు!