పత్రములు లేని విద్యార్థులు – అమెరికాలో కళాశాల చదువునకు సహాయము



దున్నువాడొకడు, పట్టా గలవాడొకడు అయినచోట దున్నువానికి అప్పు పుట్టుట ఎంత కష్టమో మన సంఘ సభ్యులకు వేరుగ జెప్పనక్కరలేదు. ఆ లోపము తీర్చుటకే 2011లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కౌలుదారులకు రుణార్హత కార్డుల నిచ్చు చట్టమును జేసెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి చిక్కే చదువు విషయమున గలదు. పసితనమున తల్లిదండ్రుల వెంట వచ్చి, ఆ దేశమున నుండుటకు తగిన పత్రములు లేకయే పెరిగి పెద్దవారైన పిల్లలచట పెక్కుమంది గలరు. మన జిల్లాల కుటుంబము లెన్నియో ఆ దేశమున స్థిరపడినవి. కొన్ని పొలములు ఆ చదువుల కొరకే తనఖా పడినవి. కావున ఈ సంగతి మనకును తెలిసియుండుట మేలని తలచుచున్నాము.

మొదట బడిచదువు. పత్రములు లేని పిల్లల చదువునకు రాష్ట్ర ద్రవ్యము నీయనక్కరలేదని 1975లో టెక్సాస్ రాష్ట్రము శాసించెను. 1982లో ప్లైలర్ వర్సెస్ డో అను వ్యాజ్యమున సుప్రీముకోర్టు దానిని కొట్టివేసి, అట్టి పిల్లలకును ప్రభుత్వ పాఠశాలలలో ఉచిత విద్యను నిరాకరింపరాదని తీర్పు చెప్పెను. అయిదుగురు న్యాయమూర్తులొక వైపునను, నలుగురొక వైపునను నిలిచిరి. తల్లిదండ్రులు చేసిన పనికి బిడ్డలు దండనకు పాత్రులు కారాదనునది ఆ తీర్పునందలి ముఖ్యవిషయము. అయితే ఆ రక్షణ పన్నెండవ తరగతితో సరి. కళాశాలకు అది వర్తింపదు.

కళాశాల చేరువానికి అచట రెండు విధముల ఆధారము గలదు. ఒకటి కేంద్రప్రభుత్వ మిచ్చు విద్యార్థివేతనములు, అప్పులు. ఇవి పౌరులకును, శాశ్వత నివాసులకును, మరి కొలదిమందికిని మాత్రమే చెల్లును. రెండవది జీతపు రాయితీ. ప్రభుత్వ విశ్వవిద్యాలయములు తమ రాష్ట్రపు విద్యార్థుల కడ తక్కువ జీతమును, పరులకడ పెక్కుచోట్ల రెండు మూడు రెట్లును పుచ్చుకొనును. పత్రములు లేని బిడ్డ ఆ ఊరనే పెరిగినను పరుల లెక్కలోనికే పోవుచుండెను.

1996లో కేంద్రము మరియొక కట్టడి చేసెను. పత్రములు లేనివారికి నివాసమును బట్టి కళాశాల రాయితీ నిచ్చినచో, దేశమందలి పౌరులందరికిని, వారే రాష్ట్రమువారైనను, అదే రాయితీ నీయవలెనని దాని సారము. అంత కొన్ని రాష్ట్రములు నివాసమును విడిచి, చదివిన బడిని ప్రమాణముగా గొనెను. 2001లో టెక్సాస్ మొదట ఇట్టి పిల్లలకు రాయితీ నిచ్చు చట్టము చేసెను. ఆ యేటనే కాలిఫోర్నియాయు తన ఉన్నత పాఠశాలలలో మూడేండ్లు చదివి ఉత్తీర్ణుడైనవానికి రాయితీ నిచ్చెను. అట్లు చదివిన పౌరుడు వేరు రాష్ట్రమున నివసించువాడైనను రాయితీ పొందును గనుక ఇది చెల్లునని 2010లో ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు నిర్ణయించెను. 2011లో కాలిఫోర్నియా మరి రెండు చట్టములు చేసి, దాతలిచ్చిన విద్యార్థివేతనములను, రాష్ట్రపు ధనసహాయమును గూడ వీరికి అందించెను.

అయినను ఇట్టి ఏర్పాటులు శాశ్వతములని నమ్మరాదు. 2025 జూన్ నెలలో కేంద్రప్రభుత్వము టెక్సాస్ చట్టముపై దావా వేయగా, రాష్ట్రము ఎదురాడకపోవుటచే అదే దినమున కోర్టు దానిని నిలిపివేసెను. ఇరువదినాలుగేండ్ల చట్టము ఒక్క పూటలో పోయెను. చదువు నడుమ నున్న పిల్లలు హెచ్చు జీతపు భారమున బడిరి.

ఇక మనవారి సంగతి. హెచ్-1బి వీసాపై పోయినవారి పిల్లలు తల్లిదండ్రుల ఆశ్రయమున ఇరువదియొక యేడు నిండువరకే ఉండగలరు. ఏ యొక్క దేశమువారికిని సాధారణముగా నూటికి 7 పాళ్లకు మించి శాశ్వత నివాసపు అనుమతు లీయరాదను నియమముండుటచే, భారతీయుల దరఖాస్తులు ఏండ్లకొలది నిలిచియుండును. ఈ లోపల బిడ్డకు ఈడు దాటును. 2012లో పత్రములు లేని పిల్లలకు కల్పింపబడిన డాకా అను తాత్కాలిక రక్షణయు వీరికి అందలేదు. ఆ యేటి జూన్ 15 నాటికి చట్టబద్ధమైన అనుమతి లేనివారికే అది ఉద్దేశింపబడెను. అనగా పత్రములు సరిగా నుంచుకొన్నవారే దానికి దూరమైరి! కేంద్రపు విద్యార్థివేతనము వీరికిని లేదు.

విద్యార్థి వీసాపై ఇచటినుండి పోయిన యువకులు ఒక సంగతి గుర్తింపవలెను. చదువు మాని, అనుమతి లేని కొలువున చేరినచో వీరును పత్రములు లేనివారగుదురు. అచటి బడులలో చదివియుండరు గనుక, పైని చెప్పిన రాయితీలు సాధారణముగా వీరికి వర్తింపవు.

బంధువులకు ఉత్తరము వ్రాయునప్పుడు ఈ క్రింది మాటలు తెలుపుడని మా మనవి. కేంద్రపు దరఖాస్తు వేరు, రాష్ట్రపు దరఖాస్తు వేరు, తగినదానినే నింపవలెను. పౌరుడు కానివాడు పౌరుడనని ఎన్నడును వ్రాయరాదు. ఆ యబద్ధము భావికాలమున నివాసపు అనుమతికే అడ్డమగును. తల్లిదండ్రులకు పత్రములు లేకున్నను బిడ్డ పౌరుడైనచో కేంద్రసహాయమునకు అర్హుడే. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయములు తమ సొంత నిధినుండి సాయపడును. డోనాల్డ్ గ్రాహం మొదలగువారు స్థాపించిన ది డ్రీమ్ యు.ఎస్. వంటి సంస్థలును విద్యార్థివేతనము లిచ్చుచున్నవి. సందేహమున్నచో ఆ దేశపు వలస న్యాయవాదినే అడుగవలెను గాని దళారిని గాదు.

ఇచట పొలము తనఖా పెట్టబోవు తండ్రి కళాశాల జీతమెంత, ఆ రాయితీ ఏ చట్టము వలన వచ్చినది, అది పోయినచో మిగిలిన యేండ్లకు సొమ్మెక్కడిది అను మూడు ప్రశ్నలకు వ్రాతమూలకముగా జవాబు తెప్పించుకొనవలెను. విత్తనము మొలకశాతము చూడనిదే మనము నేలలో వేయము. భూమినే పణముగా నొడ్డునప్పుడు అంతకన్న తక్కువ విచారణ చాలదు.