మోటారు సైకిలు: వేగము, నిలుపుదల

శ్రీరామనవమి దినములలో ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు రోడ్డును చూడుడు. యాత్రికుల బస్సులు, బొగ్గు లారీలు, ఆటోలు, అడవి అంచు పల్లెలనుండి అడ్డముగా వచ్చు పశువులు, వీని నడుమ మోటారు సైకిళ్లు! మోటారు సైకిలు టైరు నేలను తాకు చోటు మన అరచేతి కంటె పెద్దది కాదు. అచ్చటి ఘర్షణయే బండిని నడపవలెను, త్రిప్పవలెను, ఆపవలెను.

గంటకు 60 కి.మీ. వేగమున పోవువాడు సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. ఎదుట ఎద్దు కనబడినదనుకొందము. కన్ను చూచి, మెదడు గ్రహించి, చేయి బ్రేకును నొక్కులోపల ఒక సెకను గడచును. 17 మీటర్లు దాటిపోవును. పిమ్మట పొడి రోడ్డుపై ఆగుటకు ఇంకొక 20 మీటర్లు, తడి రోడ్డుపై సుమారు 35 మీటర్లు కావలెను. వేగము 30 అయినచో ఆ 20 మీటర్లు 5 అగును. వేగము సగమైనచో గతిశక్తి నాలుగవ వంతగుటయే ఇందుకు కారణము.

ముందు బ్రేకు వేసినచో బండి పల్టీ కొట్టునని పలువురు భయపడి, వెనుక బ్రేకునే తొక్కుదురు. ఇది పొరపాటు. ఆపునపుడు బరువు ముందు చక్రము మీదికి ఒరుగును. వెనుక చక్రము తేలికపడి జారును. కనుక బండి నిటారుగా నున్నపుడు రెండు బ్రేకులను కలిపి, ముందుదానిని క్రమక్రమముగా బిగింపవలెను. 125 సి.సి.కి మించిన కొత్త బండ్లకు 2019 నుండి ఏ.బి.ఎస్. తప్పనిసరి అయినది. అది చక్రము బిగుసుకొనిపోకుండ చూచును గాని, రోడ్డుకు లేని పట్టును తెచ్చిపెట్టదు.

మలుపులో ఆ పట్టు త్రిప్పుటకే ఖర్చగుచుండును. అప్పుడు గట్టిగా బ్రేకు వేసినచో రెంటికిని చాలదు. కావున మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను. రాలిన ఆకులు, తొలకరి జల్లుకు నూనెతో కలిసిన మట్టి ఉన్నచోట మరింత తగ్గింపవలెను.

లారీ ప్రక్కన పోవునపుడు దాని అద్దములో డ్రైవరు ముఖము కనబడనిచో, మీరును అతనికి కనబడుట లేదు. అచ్చట నిలువరాదు.

హెల్మెట్టు లోపలి మెత్తని పొర నలిగి, దెబ్బ తలకు తగులు కాలమును పెంచి, దాని బలమును తగ్గించును. పట్టీ బిగింపనిచో అది ముందే ఊడిపోవును.

ఇక ఎంత దూరములో వెంబడింపవలెను? ముందు వాహనము ఒక కిలోమీటరు రాయిని దాటగనే సెకన్లు లెక్కించుడు. రెండు సెకన్లకు ముందే మీరు ఆ రాయిని చేరినచో చాల దగ్గరగా నున్నారన్నమాట. వానలో నాలుగు సెకన్లు విడువుడు.