తుంటి శస్త్రచికిత్స పిమ్మట విద్యుత్తు చేయు సాయము

వృద్ధులకు తుంటికీలు అరిగిపోయినప్పుడు వైద్యులు దానిని తొలగించి కృత్రిమమైన కీలును అమర్చుచున్నారు. ఇంగ్లండునందు జాన్ చార్న్‌లీ యను శస్త్రవైద్యుడు లోహపు గుండు పాలిథిలీను గిన్నెలో తిరుగునట్లు 1962వ సంవత్సరమున అమర్చిన పిమ్మట ఈ చికిత్స అనేక దేశములకు వ్యాపించినది. కీలు క్రొత్తదగును గాని, దానిని నడపవలసిన కండరములు పాతవే. అవి నొప్పిచేత ముందే కృశించియుండును. మంచముపై పరుండుటచే మఱింత క్షీణించును. తొడలో బలము లేనివారు లేవజాలరు. లేచినను పడుదుమను భయముచే నడక మానుదురు. నడక మానగా ఉన్న బలమును పోవును.

ఇట్టి కండరములకు విద్యుత్తు తోడ్పడునా యని కొందఱు తలిదండ్రులు మమ్ము అడిగిరి. కావున తెలిసినంతవరకు ఇచ్చట వివరించుచున్నాము.

ఇటలీలోని బొలోన్యా నగరమున గాల్వానీ పండితుడు, విద్యుత్తు సోకినప్పుడు చచ్చిన కప్పకాళ్లు ఎగురుట గమనించి, 1791లో తన పరిశోధనలను ప్రకటించెను. నేటి యంత్రమునకును మూలము ఆ ధర్మమే. తొడ ముందుభాగమున బంకగల మెత్తని బిళ్లలను అంటింతురు. సాధారణముగా సెకనునకు 35 మొదలు 50 వరకు స్వల్పమైన విద్యుత్స్పందనములు చర్మముగుండ పోయి నరమును ప్రేరేపించును. అంతట మెదడు ఆజ్ఞ లేకయే కండరము బిగియును. కొన్ని సెకనులు బిగిసి, అంతకంటె ఎక్కువసేపు విశ్రమించును. నొప్పి, వాపు కలిగినప్పుడు తొడకు పోవు ఆజ్ఞలు మందగించును. అట్టి సమయమున ఈ సాయము ఉపయోగపడవచ్చును.

అయినను ఇది స్వప్రయత్నముతో సమానము కాదు. మన యిచ్ఛచే కాలెత్తునప్పుడు సులభముగా అలయని తంతువులు ముందుగా పనిలోనికి వచ్చును. బరువు హెచ్చినకొలది తక్కినవి వచ్చి చేరును. విద్యుత్తు ఈ క్రమమును పాటింపక, బిళ్లలకు సమీపమున నున్న వానినే మరల మరల బిగించును. అందుచే కండరము త్వరగా అలసిపోవును. అడుగు తూచి వేయు నేర్పును యంత్రము నేర్పజాలదు.

డెన్మార్కులో తుంటికీలు మార్పించుకొన్న 60 మొదలు 86 ఏండ్లవారిని మూడు వర్గములుగా జేసి 12 వారములు పరీక్షించి, ఫలితములను 2004లో ప్రకటించిరి. ఒక వర్గము మామూలు వ్యాయామము చేసెను. ఒక వర్గమునకు దినమున కొక గంట విద్యుత్తు నిచ్చిరి. ఒక వర్గము వారమునకు మూడుమార్లు బరువులతో సాధన చేసెను. బలమునందు మిక్కిలి లాభము పొందినవారు బరువులతో సాధన చేసినవారే.

కావున యంత్రము చేతికఱ్ఱవంటిది, నడువవలసినది మనిషియే. హృదయమునకు పేస్‌మేకరు అమర్చబడినవారు దీనిని వాడరాదు. కాలిసిరలో రక్తము గడ్డకట్టినదను అనుమానమున్నను, బిళ్ల అంటించు చోట పుండున్నను అట్లే మానవలెను. వైద్యుని అనుజ్ఞ లేక అంగడిలో కొని తెచ్చి ప్రయోగించుట అపాయకరము.

బాలబాలికలారా, మీ తాతగారినో నాయనమ్మగారినో ప్రేమచే మంచమునకే అంటిపెట్టి ఉంచకుడు. వైద్యుడు చెప్పిన దినమున, చెప్పినన్ని అడుగులు వేయించుడు. తడినేల తుడిచి, దారిలోని పీటలు తీసి, ప్రక్కన నిలువుడు. ఆ పని ఏ యంత్రమును మీకు మారుగా చేయజాలదు.